పోర్ట్ 79 దగ్గరికొచ్చిన లైను

రాత్రి పదకొండుకు ఇంకా ఆరు నిమిషాలుంది. 1988 నవంబర్ 2, బుధవారం. అమెరికా తూర్పు తీరాన కాలేజ్ పార్క్ అనే ఊళ్లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం. అక్కడి కంప్యూటర్ సైన్స్ వాళ్లకు మిమ్సీ అనే వ్యాక్స్ యంత్రం ఒకటుంది. మీరు దాని ముందు కూర్చోలేదు. దాని లోపలే ఉన్నారు. ఇక్కడ వెలుతురు లేదు, ఫ్యాన్ల రొద లేదు. చుట్టూ ప్రాసెస్‌లు, వాటిలో ఎక్కువ భాగం నిద్రలో.

నిద్ర పట్టనివాటిలో ఇనెట్‌డీ ఒకటి. దానిది కాపలా ఉద్యోగం. టెల్నెట్‌కి ఒక పోర్ట్, ఎఫ్‌టీపీకి ఒకటి, ఫింగర్‌కి 79. బయటివాళ్లు వచ్చి ఏదో ఒక పోర్ట్ తట్టేదాకా ఆ పని చేయాల్సిన ప్రోగ్రాం పుట్టనే పుట్టదు.

ఇప్పుడెవరో 79 తట్టారు.

ఇనెట్‌డీ ఒక పిల్ల ప్రాసెస్‌ని పుట్టించి, వచ్చిన సాకెట్‌ని దాని 0, 1, 2 నంబర్లకు తగిలిస్తుంది. యూనిక్స్‌లో పుట్టుకతో తెరిచి ఉండే నంబర్లవి. సున్నాలోంచి చదవాలి, ఒకటిలోకి రాయాలి, తప్పులుంటే రెండులో చెప్పుకోవాలి. ఆ తర్వాత పిల్ల ప్రాసెస్ ఫింగర్‌డీగా మారిపోతుంది. అవతల ఎవరున్నారో కెర్నల్‌ని ఒకసారి అడుగుతుందంతే, ఇక తాను నెట్‌వర్క్ మీద ఉన్నానన్న సంగతే దానికి పట్టదు. కీబోర్డు నుంచి చదివినట్టే చదువుతుంది, తెర మీద రాసినట్టే రాస్తుంది. సాకెట్‌ని మామూలు ఫైలులా కనబడేట్టు చేసిన ఈ ఏర్పాటు ఇన్నేళ్ల తర్వాతా నాకు అందంగానే అనిపిస్తుంది. ఆ రాత్రి కొంప ముంచింది కూడా ఇదే.

ఫింగర్ పని చాలా చిన్నది. ఫలానా వ్యక్తికి ఈ యంత్రం మీద ఖాతా ఉందా, అసలు పేరేమిటి, ఎప్పుడు లాగిన్ అయ్యాడు అని బయటివాళ్లు అడగొచ్చు. ఒక పేరు టైపు చేసి ఎంటర్ కొడితే ఒక లైను లోపలికి వస్తుంది, నాలుగు లైన్ల జవాబు బయటికి పోతుంది, కనెక్షన్ మూసుకుంటుంది. ప్రోగ్రాం మొత్తం రెండు మూడు పేజీలకు మించదు. మెయిన్ ఫంక్షన్ మొదట్లోనే ఆ వచ్చే లైను కోసం 512 బైట్ల చోటు కేటాయించి పెట్టారు. మనిషి పేరు అయిదు వందల అక్షరాలుండదు కదా. అలా అనుకున్నవాళ్లని నేను తప్పు పట్టను.

ఆ 512 బైట్లూ స్టాక్‌లో ఉన్నాయి. వ్యాక్స్‌లో స్టాక్ పై చిరునామాల నుంచి కిందికి పెరుగుతుంది, బఫర్ నింపేటప్పుడు మాత్రం బైట్లు కింద నుంచి పైకి పడతాయి. బఫర్‌కి సరిగ్గా పైన, గోడ కూడా లేకుండా, మెయిన్‌ని ఎవరు పిలిచారో ఆ లెక్క రాసి ఉంది. పని అయ్యాక ఎక్కడికి తిరిగి వెళ్లాలన్న చిరునామా అందులోనే ఉంటుంది. చెయ్యి చాపి ఆ సరిహద్దు తాకి చూడండి. 511వ గడి, 512వ గడి, ఆ పక్కనే ఆ లెక్క. మధ్యలో ఏమీ లేదు.

ఫింగర్‌డీ చదవడం మొదలుపెట్టింది. చదివిపెట్టే ఫంక్షన్ పేరు గెట్స్. దానికి ఒకటే సంగతి చెప్పారు: ఎక్కడ రాయాలో. ఎంతవరకు రాయొచ్చో చెప్పలేదు. చెప్పడానికి దాని పిలుపులో చోటే లేదు. న్యూలైన్ అక్షరం, అంటే పది అనే విలువున్న బైటు, ఎదురయ్యేదాకా రాస్తూ పోవడమే దానికి తెలిసిన విద్య.

ఒక్క బైటు వెంట నడిచి చూద్దాం. తీగ మీంచి వచ్చి మొదట కెర్నల్ దగ్గరున్న సాకెట్ బఫర్‌లో పడుతుంది. అక్కణ్ణుంచి సీ భాష లైబ్రరీ ఒక్క రీడ్ పిలుపుతో, అప్పటికి వచ్చి ఉన్నవాటిలో పట్టినన్ని తోడి తన సొంత బఫర్‌లో పెట్టుకుంటుంది. బైటుకొకసారి కెర్నల్ దాకా పోయి రావడం ఖరీదైన వ్యవహారం గనక ఈ మధ్య మజిలీ. గెట్స్ ఈ రెండో బఫర్‌లోంచి ఒక్కొక్కటే తీస్తుంది, పదా కాదా అని చూస్తుంది, కాకపోతే 512 గడుల వరసలో తర్వాతి గడిలో పెడుతుంది. మూడు మజిలీల్లో మొదటి రెంటికీ తమ కొలత తెలుసు. కెర్నల్ బఫర్ నిండితే టీసీపీ అవతలివాణ్ణి ఆగమంటుంది. లైబ్రరీ బఫర్ నిండితే ఇక తోడదు. మూడోదానికే ఆ తెలివి లేదు.

ఇక్కడే ఇంకో సంగతి గమనించాలి. తీగ మీద లైన్లంటూ ఏమీ లేవు. టీసీపీ బైట్లను వరస తప్పకుండా, పోగొట్టకుండా తెచ్చిస్తానంది, అంతవరకే దాని మాట. కుళాయి నీళ్లకు మీ బిందె కొలత తెలియదు. ఒకసారి సన్నగా వస్తాయి, ఒకసారి ఉధృతంగా వస్తాయి, నిండిందని చూసి కట్టేయాల్సింది పట్టుకున్నవాళ్లే. అవతలివాడు రెండు లైన్లు పంపితే ఇవతల ఒక్క రీడ్‌లో రెండూ రావచ్చు, ఒకటిన్నర రావచ్చు, మూడక్షరాలు వచ్చి మిగతావి కాసేపటికి రావచ్చు. లైను ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అన్నది పూర్తిగా చదివేవాడి నిర్ణయం.

వస్తున్నాయి చూడండి. మొదటి గడిలో ఒకటి అనే విలువ. అది అక్షరం కాదు. రెండో గడిలోనూ ఒకటే. మూడోది, నాలుగోది, పదోది, వందోది. ఇదేం పేరు? నాలుగు వందల గడుల దాకా ఒకట్లే. వ్యాక్స్ ప్రాసెసర్ భాషలో ఒకటంటే ఏమీ చేయకుండా తర్వాతి ఆదేశానికి వెళ్లమని. ఆ తర్వాత కొద్దిపాటి ముక్క, ఇరవై ఎనిమిది బైట్లు. అందులో షెల్ ప్రోగ్రాం పేరు తునకలుగా ఉంది, దాన్ని నడపమని కెర్నల్‌ని కోరే ఆదేశం ఉంది. మధ్యలో సున్నా బైట్లు కూడా ఉన్నాయి. సీ భాషలో సున్నా వస్తే పదం ముగిసినట్టని మీకు తెలిసే ఉంటుంది. గెట్స్‌కి ఆ పట్టింపు లేదు, దానికి పది ఒక్కటే ఆనకట్ట. పంపినవాడు ఈ 536 బైట్లలో ఎక్కడా పది రాకుండా చూసుకున్నాడు.

510, 511, 512. చోటు అయిపోయింది. గెట్స్ ఆగదు. 513వ బైటు సరిహద్దు దాటి మెయిన్ లెక్క మీద పడింది. మొత్తం ఇరవై నాలుగు బైట్లు అలా పడ్డాయి. తిరిగి వెళ్లాల్సిన చిరునామా చెరిగిపోయి, ఆ చోట కొత్తది కూర్చుంది. అది చూపిస్తున్నది ఇందాక నింపిన బఫర్‌లోకే, ఆ ఒకట్ల మధ్యకే. అంతా పడ్డాక, విడిగా రాసి పంపిన ఒకే ఒక్క న్యూలైన్ వచ్చింది. గెట్స్ తృప్తిగా ముగించింది. దాని లెక్కలో ఒక లైను చదివినట్టే.

చప్పుడేమీ లేదు. ఫింగర్‌డీ ఆ చెత్తనే పేరనుకుని అసలు ఫింగర్ ప్రోగ్రాంని నడిపింది, అది చెప్పిందేదో సాకెట్ మీద రాసింది, అది ముగిసేదాకా మర్యాదగా ఆగింది. చివరికి మెయిన్‌లోంచి రిటర్న్ అంది. అక్కడ రిటర్న్ బదులు ఎగ్జిట్ అని రాసి ఉంటే చెరిగిన చిరునామా వైపు ఎవరూ తిరిగి చూసేవారు కాదు. ప్రాసెస్ అక్కడే ముగిసేది, ఈ దాడి ఇక్కడ పారేది కాదు. రిటర్న్ అని రాయడం మంచి అలవాటే. ఆ రాత్రి కలిసి రాలేదు.

ప్రాసెసర్ ఒకట్ల మీద దిగింది. ఏమీ చేయకు, ఏమీ చేయకు అంటూ జారుతూ పోయి ఆ ముక్క దగ్గరికి చేరింది. ఫింగర్‌డీ ఉన్న చోటే షెల్ అయింది. షెల్‌కి 0, 1, 2 ఎక్కడివి? ఇనెట్‌డీ తగిలించినవే. అవతల, ఇంటర్నెట్ మీద ఎక్కడో ఉన్న ప్రోగ్రాంకి మిమ్సీ మీద షెల్ దొరికింది. యూజర్ పేరడగలేదు, పాస్‌వర్డ్ అడగలేదు.

ఆ ప్రోగ్రాంని రాసింది రాబర్ట్ టప్పన్ మోరిస్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది పరిశోధక విద్యార్థి. వదిలింది మాత్రం ఎంఐటీ యంత్రం మీంచి. వాళ్ల నాన్న యూనిక్స్ మీద పనిచేసిన పాతకాపు, అప్పటికి ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా కేంద్రంలో ఉన్నాడు. ఈ కథని చాలామంది ఆ తండ్రీకొడుకుల కథగా చెబుతారు. నాకు మాత్రం ఈ షెల్ దొరికిన తర్వాత ఆ వార్మ్, అంటే యంత్రం నుంచి యంత్రానికి తానే పాకే ఆ ప్రోగ్రాం, ఎలా మాట్లాడిందన్నదే ఆసక్తి. అది మాట్లాడింది కూడా లైన్లలోనే. పైగా, ఎంతో జాగ్రత్తగా.

సాకెట్ మీద చెవి ఆనించండి. ముందు ఒక లైను: ప్రోగ్రాంలు ఎక్కడెక్కడ వెతకాలో షెల్‌కి చెబుతుంది. తర్వాత తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీలోకి మారమంటుంది. ఆ తర్వాతి లైనులో మూడు పనులున్నాయి. మొదట గార్చ్49 అని పలకమంటుంది. ఆ తర్వాత సెడ్ అనే ప్రోగ్రాంతో ఇకపై వచ్చే పాఠాన్ని, ఫలానా డిక్లరేషన్ లైను కనబడేదాకా, ఒక ఫైల్లోకి ఎక్కించమంటుంది. అదయ్యాక గార్చ్50 అని పలకమంటుంది. లైను పంపి వార్మ్ ఆగుతుంది. గార్చ్49 అని వినబడేదాకా అసలు పాఠం ఒక్క అక్షరం కూడా పంపదు. వినబడ్డాక వంద లైన్లు కూడా లేని సీ ప్రోగ్రాంని పంపుతుంది, చివర్న ఆ డిక్లరేషన్ లైను. మళ్లీ ఆగుతుంది. గార్చ్50 వచ్చాకే కంపైల్ చేసి నడపమన్న లైను కదులుతుంది. ఎదురుచూపు ప్రతిదానికీ గడువుంది, గడువు దాటితే వదిలేస్తుంది.

ఎందుకిన్నిసార్లు ఆగడం? అన్నీ ఒక్కసారే పంపేయొచ్చుగా? నాకు తోచిన కారణమిది. ఆ సాకెట్‌లోంచి చదివేవాళ్లు ఇద్దరు, మొదట షెల్, తర్వాత సెడ్. ఎవరి బఫర్ వాళ్లదే. సెడ్ తనకు కావలసిన లైను దాకా చదివి ఆగిపోతుంది నిజమే. కానీ లైబ్రరీ దాని తరఫున అప్పటికే వచ్చి ఉన్నదంతా తోడేసుకుని ఉంటుంది. ఆ వెనక కంపైల్ చేయమన్న లైను కూడా వచ్చి ఉంటే అదీ సెడ్ కడుపులోకే పోతుంది. సెడ్ చనిపోతే దాంతోపాటే మాయం, షెల్ దాకా రానే రాదు. అందుకే గార్చ్‌లు. చదివేవాడి బఫర్లో ఎంత మిగిలిపోయిందో బయట నుంచి తెలుసుకునే దారి లేదు గనక, వాడు ముగించానని చెప్పేదాకా నోరు మూసుకోవడం. ఒక లైనుకి హద్దు పెట్టకపోవడాన్ని వాడుకుని లోపలికి వచ్చిన ప్రోగ్రాం, లోపలికి వచ్చాక తన లైన్ల హద్దుల విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉంది.

సన్ కంపెనీ యంత్రాల మీద ఇదే 536 బైట్లు పడితే ఫింగర్‌డీ మెమరీని ఫైల్లో కక్కేసి చచ్చిపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. అవి వ్యాక్స్ భాష మాట్లాడవు. అక్కడికి వార్మ్ వేరే దారుల్లో వెళ్లింది: సెండ్‌మెయిల్‌లో తెరిచి వదిలేసిన డీబగ్ తలుపు, ఊహించదగ్గ పాస్‌వర్డ్‌లు, ఒకరినొకరు నమ్మే యంత్రాలు. వాటి సంగతి ఇక్కడ వద్దు.

ఇక గంటలన్నీ పశ్చిమ తీరం లెక్కలో చెబుతాను. మిమ్సీ మీద దాడి 19:54కి. 20:49కి యూటా విశ్వవిద్యాలయం యంత్రానికి సోకింది. అక్కడి లోడ్ సంఖ్య, అంటే ప్రాసెసర్ కోసం వరసలో ఉన్న ప్రాసెస్‌ల సగటు, చూస్తూ ఉండండి. 21:21కి 5. ఇరవై నిమిషాల్లో 7. 22:01కి 16. మరో ఐదు నిమిషాలకు నడవగలిగిన ప్రాసెస్‌ల పరిమితి, నూరు, నిండిపోయింది. యంత్రం ఎవరి మాటా వినడం లేదు. జెఫ్ ఫోరిస్ అనే ఉద్యోగి ఒక్కొక్క వార్మ్‌నీ చంపుతున్నాడు. ఒకటి పోతే పక్క యంత్రం నుంచి ఇంకోటి వస్తోంది. 22:41కి 27. యంత్రాన్ని ఆపి మళ్లీ లేపినా 23:21కి 37. అప్పటికే ఒక వార్మ్ ఉంటే రెండోది తప్పుకోవాలన్న నియమం దానిలో ఉంది గానీ, ఏడింట ఒకటి తప్పుకోకుండా మొండిగా ఉండిపోయేలా మోరిస్ రాశాడు. ఆ ఏడింట ఒకటే ఇదంతా.

బర్క్‌లీలో మైక్ కేరల్స్, ఫిల్ లాప్స్‌లీ అప్పటికే మేలుకుని ఉన్నారు. అక్కడ ఆ వారం యూనిక్స్ వర్క్‌షాప్ జరుగుతోంది, దేశంలో ఆ వ్యవస్థ తెలిసినవాళ్లలో చాలామంది ఒకే చోట ఉన్నారు. 23:28కి నాసా ఏమ్స్ నుంచి పీటర్ యీ హెచ్చరిక పంపాడు. అర్ధరాత్రి దాటాక 00:34కి హార్వర్డ్ నుంచి ఆండీ సడ్డత్ పేరు పెట్టకుండా ఒక సందేశం పంపాడు. మోరిస్ స్నేహితుడతను. ఫింగర్‌డీని ఆపండి, లేదా చదివేటప్పుడు స్టాక్ దాటి రాయకుండా సరిచేయండి అని అందులో సూటిగా ఉంది. జబ్బు, మందు రెండూ ఒకే వాక్యంలో. కానీ వార్మ్ భయానికి ద్వారాలు మూసేసిన నెట్‌వర్క్ మీద ఆ ఉత్తరం నడవలేకపోయింది. చేరాల్సినవాళ్లకు చాలా ఆలస్యంగా చేరింది.

మర్నాడు సాయంత్రం 18:00. బర్క్‌లీ ఆఫీసు గదుల్లో నిలబడే చోటు లేదు. కాల్‌జోనీలు తెప్పించారు, పిజ్జాని మడతపెట్టి కాల్చినట్టుంటాయి. అవి తింటూనే వార్మ్‌ని ఆదేశాల నుంచి సీ భాషలోకి వెనక్కి రాస్తున్నారు, ఎంఐటీ వాళ్లతో ముక్కలు మార్చుకుంటున్నారు. 19:18కి కీత్ బోస్టిక్ ఫింగర్‌డీకి సవరణ పంపాడు. అందులో అసలు విషయం ఒక లైనే: గెట్స్ తీసేసి ఎఫ్‌గెట్స్ పెట్టడం. పేరుకి ముందు ఒక అక్షరం పెరిగింది, పిలుపులో బఫర్ కొలత చేరింది.

సవరించిన ఫింగర్‌డీ మీద అదే 536 బైట్లు పోసి చూడండి. ఎఫ్‌గెట్స్ 511 తీసుకుని, చివరి గడిలో సున్నా పెట్టి, ఆగిపోతుంది. మెయిన్ లెక్క చెక్కుచెదరదు. నాలుగు వందల ఒకట్లూ ఒక పేరు అనుకుని ఫింగర్ ఆ పేరుగల మనిషి కోసం వెతికి, నిజ జీవితంలో ఎవరు అన్న చోట మూడు ప్రశ్నార్థకాలు ముద్రించి వెళ్లిపోతుంది.

మోరిస్‌కి 1990లో శిక్ష పడింది: మూడేళ్ల ప్రొబేషన్, నాలుగు వందల గంటల సేవ, పది వేల యాభై డాలర్ల జరిమానా. గెట్స్‌కి ఏ శిక్షా పడలేదు. వార్మ్ వచ్చిన మరుసటి ఏడాదే, 1989లో, సీ భాషకు మొదటి అధికారిక ప్రమాణం వెలువడింది. గెట్స్ అందులో దర్జాగా ఉంది. వార్మ్ కంటే నాకు ఇదే వింతగా తోస్తుంది. ప్రమాణంలోంచి దాన్ని తీసేయడానికి 2011 దాకా పట్టింది.

ఇప్పుడు మీ బల్ల దగ్గరికి రండి. లాప్‌టాప్ తెరిచి ఉంది, రెండు టెర్మినళ్లు పక్కపక్కనే. ఎడమ పక్క మీరు సీలో రాసిన చిన్న సర్వర్, కుడి పక్క దానికి కనెక్ట్ అయి మీరు టైపు చేసింది పంపే ఎన్‌సీ. ఒక లైను వస్తే అదే లైను తిరిగి పంపడం, అంతే మీ సర్వర్ పని. సాకెట్‌ని ఎఫ్‌డీఓపెన్‌తో ఫైలుగా మార్చుకుని ఎఫ్‌గెట్స్‌తో చదివి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో రాస్తున్నారు. చదవడానికొకటి, రాయడానికొకటి, రెండు ఫైళ్లుగా.

నమస్కారం అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. ఏమీ రాదు. మళ్లీ కొట్టండి. రాదు. సర్వర్ చచ్చిపోయిందా? లేదు, చదివింది, జవాబు రాసింది కూడా. ఆ జవాబు లైబ్రరీ బఫర్లో కూర్చుని ఉంది. టెర్మినల్ అయితే లైను పూర్తవగానే లైబ్రరీ దాన్ని బయటికి తోసేది. సాకెట్ అయ్యేసరికి బఫర్ నిండేదాకా దాచుకుంటుంది. సర్వర్ మీ తర్వాతి లైను కోసం, మీరు దాని జవాబు కోసం, ఇద్దరూ అలా చూస్తూ కూర్చుంటారు. సాకెట్లు నేర్చుకునే ప్రతివాళ్లకూ ఒక సాయంత్రం ఇక్కడ పోతుంది. ప్రతి జవాబు తర్వాత ఎఫ్‌ఫ్లష్ పిలవండి. ఈసారి వచ్చింది.

ఆ పలకరింపులో ఎన్ని బైట్లున్నాయో లెక్క పెట్టించండి. కంటికి నాలుగక్షరాలు, పూర్ణానుస్వారం. యూనికోడ్ లెక్కలో హల్లులు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా విడివిడిగా ఎనిమిది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు గనక మొత్తం 24, పైన న్యూలైన్ ఒకటి. ఇక ఖాళీలు లేకుండా పొడుగ్గా తెలుగు పోయండి. 512 గడుల బఫర్లో ఎఫ్‌గెట్స్ 511 తీసుకుంటుంది. 170 సంకేతాలు నిండుగా పట్టాయి, 171వ దానిలో మూడో వంతు. ఆ ఒక్క బైటు ఏ అక్షరమూ కాదు. దాన్ని అప్పటికప్పుడు తెర మీద చూపిస్తే నల్ల డైమండులో ప్రశ్నార్థకం. ఇంగ్లిష్ మాత్రమే టైపు చేసి పరీక్షించినవాళ్లకు ఈ తప్పు జన్మలో కనబడదు.

ఎఫ్‌గెట్స్ ప్రాణం కాపాడింది గానీ అది అబద్ధమాడుతుంది కూడా. 511 దగ్గర ఆగినప్పుడు లైను పూర్తయిందని మీకనిపిస్తుంది, కాలేదు. చివర న్యూలైన్ లేదు, చూసుకోవాల్సింది మీరు. చూడకపోతే మిగిలిన తోక తర్వాతి పిలుపులో కొత్త లైను వేషం వేసుకుని వస్తుంది. మీ సర్వర్ లైన్లను ఆదేశాలుగా తీసుకునేదైతే, తోకలో ఫైలు చెరిపేయమన్న మాట ఉంటే? పంపినవాడు దాన్ని ఒక పొడుగాటి పేరులో భాగంగా పంపాడు. మీరు దాన్ని ఆజ్ఞగా పాటించారు. లైను హద్దు గురించి ఇద్దరు వేర్వేరుగా అనుకుంటే ఆ సందులో ఎవరైనా దూరొచ్చు. ఇదేదో పాతకాలపు ముచ్చట కాదు. 2023 డిసెంబర్‌లో పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్, సెండ్‌మెయిల్ వంటి మెయిల్ సర్వర్లన్నీ హడావిడిగా సరిచేసుకోవాల్సి వచ్చింది ఇలాంటి సందు కోసమే. లైను ముగింపు రెండు బైట్లా ఒకటా అన్న దగ్గర అభిప్రాయ భేదం వస్తే ఒక ఉత్తరం కడుపులోంచి ఇంకో ఉత్తరం పుట్టించవచ్చని తేలింది.

గెట్‌లైన్ వాడదాం, అది చోటు తానే పెంచుకుంటుంది కదా అంటారా? పెంచుకుంటుంది. న్యూలైన్ పంపకుండా బైట్లు పోస్తూనే ఉండేవాడు వస్తే మెమరీ అంతా అయిపోయేదాకా పెంచుకుంటుంది. కొలత చెప్పకపోవడం అక్కడా ఉంది, కాస్త మర్యాదస్తుల వేషంలో.

ఇంకొక చిక్కు. ఒకేసారి పదిమందితో మాట్లాడాలని పోల్ తెచ్చిపెట్టారనుకోండి. ఏ సాకెట్ మీద ఏమైనా వచ్చిందా అని కెర్నల్‌ని అడుగుతుంది. కుడి టెర్మినల్ నుంచి మూడు లైన్లు ఒకేసారి అతికించండి. మొదటిదానికి జవాబు వచ్చింది. మిగతా రెండు? పోల్ ఏమీ రాలేదంటోంది. అది నిజమే చెబుతోంది, కెర్నల్ దగ్గర ఏమీ లేదు. ఆ రెండు లైన్లనూ లైబ్రరీ మొదటి రీడ్‌లోనే తోడేసుకుంది. గార్చ్50 కోసం వార్మ్ ఎందుకాగిందో ఇప్పుడు మీ చేతుల్లోనే తెలుస్తోంది.

కాబట్టి లైబ్రరీని పక్కన పెట్టి బఫర్ మీరే పట్టుకోండి. ఒక్కో కనెక్షన్‌కి ఒక నిర్మాణం: నాలుగు వేల తొంభై ఆరు గడులు, ఎక్కడిదాకా నిండింది, ఎక్కడిదాకా వాడేశారు. రీడ్ పిలిస్తే ఎన్ని వస్తే అన్ని. సున్నా వస్తే అవతలివాడు వెళ్లిపోయాడు. వచ్చినదాంట్లో పది కోసం వెతకడం, దొరికినంతవరకు లైనుగా తీసుకోవడం, దొరికినన్ని సార్లు, ఒక్కసారి కాదు. మిగిలిన సగం లైనుని బఫర్ మొదటికి జరిపి తర్వాతి రీడ్ కోసం ఉంచడం. చివర పదమూడు అనే విలువున్న బైటు ఉంటే విదిలించడం, టెల్నెట్ నుంచి వచ్చేవాళ్లు దాన్ని జోడిస్తారు. బఫర్ నిండినా పది దొరకలేదంటే లైను మరీ పొడుగని చెప్పి, తర్వాతి పది ఎదురయ్యేదాకా వచ్చినదంతా పారబోయడం. ఎనభై లైన్ల కోడ్ కూడా కాదు. రాశారు, కంపైల్ అయింది. తెలుగు పోస్తే ఏ అక్షరమూ తెగలేదు, మూడు లైన్లు అతికిస్తే మూడు జవాబులు వచ్చాయి.

ఇప్పుడు కుడి టెర్మినల్‌లో సగం పదం పంపి, న్యూలైన్ పంపకుండా వదిలేయండి. ఎంటర్ కొడితే గానీ టెర్మినల్ దాన్ని ఎన్‌సీకి అందించదు, అందుకే ప్రింట్‌ఎఫ్ నుంచి పైపు పెట్టి, చివర్న ఎంటర్ లేకుండా. సర్వర్ ఆ సగం పదాన్ని గుండెకు హత్తుకుని కూర్చుంటుంది. నిమిషం, గంట, రేపటిదాకా. ఇలాంటి సగం లైన్ల కనెక్షన్లు వెయ్యి తెరిస్తే కొత్తవాళ్లకు చోటు ఉండదు. 2009లో స్లోలోరిస్ అనే పనిముట్టు వెబ్ సర్వర్ల మీద చేసింది అదే. ఎన్నటికీ పూర్తికాని అభ్యర్థనలు తెరిచిపెట్టి, మధ్యమధ్యలో ఒక్కో హెడర్ లైను విసురుతూ సర్వర్‌ని ఊరించడం.

రీడ్‌కి పది సెకన్ల గడువు పెట్టండి. సగం పదం వదిలేస్తే పది సెకన్లకు తెగిపోయింది, బాగానే ఉంది. అయితే తొమ్మిది సెకన్లకొక బైటు చొప్పున పంపితే? ప్రతి బైటుకీ గడువు కొత్తగా మొదలవుతోంది. లెక్కేయండి, నాలుగు వేల చిల్లర గడులు నిండడానికి పది గంటలు పైమాటే. గడువు బైటుకి కాదు, లైనుకి పెట్టాలి. కనెక్షన్ నిర్మాణంలో ఇంకో గడి చేర్చి, లైను మొదటి బైటు ఎప్పుడొచ్చిందో అందులో రాసుకోండి. ముప్ఫై సెకన్లలో పది రాకపోతే మూసేయడమే. మళ్లీ కంపైల్ చేసి, బైటు పంపి తొమ్మిది సెకన్లు ఆగే చిన్న స్క్రిప్టు నడపండి. నాలుగో బైటు వెళ్లింది. అయిదోది పంపబోయేసరికి అవతల సాకెట్ లేదు.